తీరిక వేళ : మట్టి అడగని మొక్క

గత నెల ఈ పుటలో పాత గోడ గడియారాల సంగతి వ్రాశాము. ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు సంగతి వ్రాయదలచాము. పొరపాటు మాదే. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే మరొకరు అదే పని చేయగలరు. అందుచేత చెప్పుకొనుటే మేలని తోచినది.

మా ఇంటి వసారాలో ఒక గాజు తొట్టి ఉన్నది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క వేస్తే 56 లీటర్ల నీరు పట్టును. అది మా అమ్మాయిది. పదవ తరగతి గట్టెక్కితే ఏమి కావాలో కోరుకొమ్మన్నాము. చెవులకు కమ్మలు అడుగుననుకున్నాము. చేపల తొట్టి అడిగినది. చిన్నప్పుడు ఒకసారి బెంగుళూరు కబ్బన్ పార్కు దగ్గరి మత్స్యాలయానికి తీసికొని పోయిన దానికి ఫలితమిది. రెండేండ్లు అందులో గప్పీ చేపలను సాకినది. పోయిన ఏడు చదువు నిమిత్తం బెంగుళూరు హాస్టలుకు పోయినది. తొట్టి మాకు దక్కినది. రోజూ కచేరీకి పోయే ముందు చిటికెడు మేత వేయవలెను, ఆదివారం అయిదవ వంతు నీరు మార్చవలెను అని మాకు ఉత్తరువులు.

ఈ నీరు మార్చే దగ్గరే మొదటి తగవు వచ్చినది. పావగడ తాలూకాలో నీటి విలువ తెలియని ఇల్లు లేదు. వానలు తక్కువ, బోర్లు లోతు, ఆ బోరు నీటిలో ఫ్లోరైడు. “మనుషులమే బిందెలు లెక్కపెట్టుకుంటుంటే చేపలకు వారం వారం స్నానాలా?” అని మా ఇంటావిడ అడిగినది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు దొరికింది గాని, ఆ మాట తరువాత.

శ్రావణమాసంలో అమ్మాయి ఒక పొట్లం పంపినది. మధుగిరి మీదుగా వచ్చే బస్సులో, తెలిసినవారి చేతికిచ్చి పంపినది. ఆ బస్సు సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తుమకూరు జిల్లాలోనే ఒక తాలూకా నుండి మరొక తాలూకాకు వస్తూ, నడుమ కొంతసేపు ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వచ్చును. ఎల్లలు రెండు దాటి వచ్చిన ఆ పొట్లం విప్పితే తడి కాగితంలో చుట్టిన ఆరు చిన్న మొక్కలు, ఒక చీటీ.

మా అమ్మాయి చీటీ వ్రాసే తీరు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. మాటలు తెలుగు, అక్షరాలు కన్నడం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివిన పిల్లలు అంతకంటె ఎట్లా వ్రాయగలరు? మాకు రెండు లిపులూ వచ్చును కనుక చిక్కు లేదు. చిక్కల్లా చీటీ తడిసి సిరా కరిగిపోవడంలో వచ్చినది. నాలుగు వరుసలలో మాకు దొరికినవి మూడే మాటలు: ‘నాయినా’, ‘గెడ్డె’, ‘మట్టి’.

మొక్కను చూశాము. దళసరి ఆకులు, ముదురు పచ్చ. అడుగున అల్లం కొమ్ము వంటి ఒక కొమ్ము, దానినుండి క్రిందికి వేళ్ళు. గెడ్డె అంటే ఇదేననుకున్నాము. మా తాతతండ్రులు సేద్యం చేసినవారు. పసుపు కొమ్మును, అల్లం కొమ్మును ఎట్లా నాటవలెనో మాకు ఒకరు చెప్పవలెనా? ఫోను చేసి అడిగివుంటే నిమిషం పని. అడగలేదు. తొట్టి అడుగున ఇసుకలో పెరటి మట్టి కొంచెం కలిపి, రెండు వేళ్ళ లోతున ఆరు కొమ్ములనూ శ్రద్ధగా పూడ్చాము. చేతులు కడుక్కొని, పని చక్కగా జరిగినదని సంతోషించాము.

పది రోజులకు ఆకుల కాడలు ఊడి పైకి తేలినవి. ఇంకో రెండు రోజులకు నీరు మసక వేసినది. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నవి. కుళ్ళే పదార్థం నీటిలోని ప్రాణవాయువును లాగుకొనును గదా. గబగబా సగం నీరు మార్చి చేపలను దక్కించుకున్నాము. ఇసుకలో చేయి పెట్టి తీస్తే కొమ్ములన్నీ చేతిలో గుజ్జయినవి.

ఆ రాత్రి ఫోను చేశాము. “ఎన్ని పోయినాయి నాయినా?” అన్నది. “అన్నీ” అన్నాము. కొంతసేపు మాట లేదు. ఆమె నెల ఖర్చులో మిగిల్చి కొన్నదని తరువాత తల్లి ద్వారా తెలిసినది. “పోనీలే నాయినా, నేను ఇంకా సరిగ్గా చెప్పింటే బాగుండు” అన్నది. ఆమె కోప్పడివుంటే మాకు నిద్ర పట్టివుండును.

మరునాటి నుండి మేము విద్యార్థులమైనాము. ఎస్.ఎస్.ఎల్.సి. తరువాత ఇంత శ్రద్ధగా చదివినది లేదు. తెలిసికొన్నది పాఠకులకు మనవి చేస్తాము.

ఆ మొక్క పేరు అనూబియాస్. పశ్చిమ ఆఫ్రికా అడవి వాగులు దాని పుట్టిల్లు. 1857లో షాట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. పూర్వపు ఈజిప్టువారి అనూబిస్ అనే దేవత పేరు మీద పెట్టిన పేరు. ఇది చెట్ల నీడలో, వాగు ఒడ్డున, రాళ్ళనూ పడిపోయిన మానులనూ పట్టుకొని పెరుగును. దాని వేళ్ళు పట్టు కొరకు; ఆహారం చాలవరకు పారే నీటి నుండే తీసికొనును. కొమ్ముకు గాలి, నీరు తగులుతూ ఉండవలెను. పూడ్చితే ఊపిరాడక కుళ్ళును. పసుపుకు ఏది బ్రతుకో దీనికి అదే చావు.

ఇటువంటివే మరి రెండు మన తొట్లకు అనువైనవి. ఒకటి జావా ఫెర్న్. ఇది ఆగ్నేయాసియా వాగులలోనిది. దీనికీ కొమ్మే, దీన్నీ పూడ్చరాదు. దీని ముదురాకు అంచున చిన్న పిల్ల మొక్కలు పుట్టును. మన రణపాల ఆకుకు పుట్టినట్లే. రెండవది జావా మాస్ అనే నాచు. దీనికి అసలు నిజమైన వేళ్ళే లేవు.

మన చెట్ల మీద పెరిగే బదనికతో దీన్ని పోల్చరాదు. బదనిక తాను ఎక్కిన చెట్టు రసాన్నే పీల్చి బ్రతుకును. అనూబియాస్ కర్రను పట్టుకొని ఉండునే గాని కర్రను తినదు. ఉండడానికి చోటు కర్ర ఇచ్చును. తిండి తానే సంపాదించుకొనును.

ఇక కర్ర కావలసి వచ్చినది. దుకాణాలలో నీటిలో నానిన కర్రలు అమ్ముదురు గాని మంచి వెల. పెన్న ఒడ్డున దొరకని కర్రా అని, ఒక ఆదివారం నాగలమడికెకు పోయి సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసికొని ఏటి ఇసుకలో దిగాము. ఉత్తర పినాకిని అక్కడ మన తాలూకాను తాకి మళ్ళీ ఆంధ్రలోకి పోవును. నీరు లేకున్నా, ఎప్పుడో పారినప్పుడు తెచ్చి పడవేసిన వేళ్ళు, మొద్దులు ఇసుకలో ఉన్నవి. జింక కొమ్ములవలె పాయలు పాయలుగా ఉన్న ఒక వేరు చూసి ఎత్తుకున్నాము.

గొర్రెలు కాసుకొనే పెద్దాయన ఒకడు చూసి, “సామీ, దాన్ని యాడికి ఎత్తకపోతావుండావు?” అన్నాడు. చెప్పాము. ఆయన ఆ వేరు గీకి వాసన చూసి నవ్వినాడు. “ఇది కానగ యేరు సామీ. మా చిన్నప్పుడు మడుగులో చేపలు పట్టాలంటే కానగ యేరే దంచి యేస్తావుండ్రి. చేపలు తేలిపోతావుండె. నువ్వు చేపల తొట్లోకి దీన్నే ఎత్తకపోతావుండావే!”

మా ప్రాణం జల్లుమన్నది. కానుగ గింజలు, వేళ్ళు చేపలకు విషమని గ్రంథాలలోనూ ఉన్నదని ఆ పిమ్మట చూశాము. ఆయనకు ఏ గ్రంథమూ అక్కరలేకపోయినది. కానుగతోబాటు గన్నేరు, జిల్లేడు, వేప కూడ తొట్టికి పనికి రావు. పాలు కారేవి, జిగురు కారేవి, పచ్చివి, ఏ చెట్టుదో తెలియనివి ముట్టుకోరాదు.

చివరకు కర్ర మన పక్కనే దొరికినది. పట్టుపురుగుల కొరకు రేష్మ సొప్పు పెంచే తోటలు మన వైపు ఉన్నవి గదా. ముసలి తోటను పెరికివేసినప్పుడు మొద్దులు వంటచెరకుగా పోవును. తెలిసిన రైతు దగ్గర బాగా ఎండిన ఒక మొద్దు అడిగి తెచ్చుకున్నాము. మల్బరీ కర్ర గట్టిది. తొట్లకు మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. పైగా ఆకుకు మందు తగిలితే పట్టుపురుగు చచ్చును కనుక, ఆ తోటలలో రైతు మందులకు జంకుతాడు. అయినా ఎప్పుడేమి చల్లారో ఒక మాట అడిగి తెచ్చుకొనుట మంచిది.

కర్రను సిద్ధం చేసే పద్ధతి ఇది. బెరడు పూర్తిగా ఒలిచివేయవలెను. మెత్తబడి గోరుకు దిగే భాగం ఉంటే చెక్కివేయవలెను. గట్టి బ్రష్షుతో రుద్ది కడగవలెను, సబ్బు తగలరాదు. పెద్ద పాత్రలో గంట, రెండు గంటలు ఉడకబెట్టవలెను. తరువాత బరువు పెట్టి నీటిలో ముంచి ఉంచవలెను. నీరు డికాషను రంగుకు తిరుగును. అది కర్రలోని వగరు. చేపలకు హాని లేదు. రంగు పలచబడేవరకు, కర్ర తానుగా మునిగేవరకు నీరు మారుస్తూ ఉండవలెను. మాకు 3 వారాలు పట్టినది. తొట్టిలో పెట్టిన క్రొత్తలో కర్ర మీద తెల్లని జిగట పొర వచ్చిన బెదరనక్కరలేదు. కొన్ని వారాలలో అదే పోవును.

ఇక కట్టుట. అమ్మాయి మళ్ళీ మొక్కలు పంపుతానన్నది. మేము డబ్బు పంపించి, ఈసారి మూడే పంపమన్నాము. వచ్చిన మొక్కను తడిగా ఉంచుకొని, కుళ్ళిన వేళ్ళు, పసుపు ఆకులు కత్తిరించాము. కర్ర మీద చిన్న పల్లం చూసి అక్కడ కొమ్మును ఆనించాము. తెల్లని నూలు దారంతో, కొమ్ము మీద ఆకుల నడుమగా మూడు నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాము. రంగు దారం వద్దు. మొక్క కదలకుండ ఉంటే చాలును. బిగించి కట్టితే దారం కొమ్మును కోయును. నాచు అయితే పలుచగా పరచి చుట్టవలెను. దళసరిగా కట్టితే లోపలిది కుళ్ళును.

నూలు దారం నీటిలో కొన్ని వారాలకు కుళ్ళిపోవును. మేము మొదట అది లోపమనుకొని చేపలు పట్టే నైలాను దారం కొనబోయాము. అమ్మాయే ఫోనులో వారించినది. “కుళ్ళాలనే కదా నాయినా ఆ దారం! అంతలోకి యేళ్ళు పట్టుకుంటాయి” అన్నది. వేళ్ళు పట్టుకొనడానికి నెల, రెండు నెలలు కావచ్చును. ఆలస్యమై దారం ముందే తెగితే మళ్ళీ కట్టవచ్చును. నైలాను దారం తెగదు, మంచిదే. కాని మొక్క నిలిచినాక కత్తిరించి తీయవలెను.

తొందర ఉన్నవారు జిగురు వాడుదురు. క్షణంలో అంటుకొనే ఈ జిగురుకు శాస్త్రనామం సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హారీ కూవర్ అనే రసాయనజ్ఞుడు తుపాకి గురి చూసే అద్దాల కొరకు పారదర్శకమైన ప్లాస్టిక్ వెదుకుతుండగా దొరికిన పదార్థమిది. తగిలిన ప్రతిదానికీ అంటుకుంటున్నదని అప్పుడు ప్రక్కన పెట్టారు. 1958లో అదే గుణం చూపి అమ్మకానికి తెచ్చారు. తేమ తగిలితే గట్టిపడును కనుకనే తడి మొక్కకూ పట్టును. గట్టిపడినాక చేపలకు హాని చేయదు. చిక్కని జెల్ రకం తీసికొని, కర్ర పైతడి గుడ్డతో అద్ది, వేళ్ళ దగ్గర రెండు చుక్కలు పెట్టి నిమిషం పట్టుకొనవలెను. కొమ్మంతా పూయరాదు. వ్రేళ్ళకు, కంటికి జాగ్రత్త. పిల్లల చేతికి ఇవ్వరాదు. మేము మాత్రం దారమే వాడాము.

వెలుతురు సంగతి. మన తాలూకాలో నీటికి కరువు గాని ఎండకు కరువు లేదు. తిరుమణి చుట్టుపట్ల 13,000 ఎకరాలలో, 2018 మార్చిలో ఆరంభమైన సౌర క్షేత్రం 2,050 మెగావాట్ల శక్తి గలది. ఆ ఎండే ఈ మొక్కకు పగ. ఇది నీడకు పుట్టినది. ఆకు మెల్లగా, నెలకు ఒకటి చొప్పున వేయును. ఎండ పడితే ఆ నిదానపు ఆకుల మీద పాచి ఎక్కును. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపి, చిన్న దీపం రోజుకు 6, 7 గంటలు వెలిగించిన చాలును. దుకాణం మొక్కలు తరచు నీటి పైన పెంచినవై ఉండును కనుక, మునిగిన క్రొత్తలో పాత ఆకులు కొన్ని రాలును. కొమ్ము గట్టిగా ఉన్నంతవరకు ఆశ వదలుకోరాదు.

నీటి సంగతి. మన బోరు నీరు కఠినజలం. అనూబియాస్, జావా ఫెర్న్, గప్పీలు మూడూ దానికి ఓర్చుకొనును. తాగడానికి తెచ్చుకొనే శుద్ధి చేసిన నీటిని తొట్టిలో పోయనక్కరలేదు. కుళాయి నీటిలో క్లోరిను ఉండే చోట ఒక రోజు బకెట్టులో నిలవ ఉంచి పోయవలెను. సందు దొరికినది కనుక ఒక మాట: ఫ్లోరైడు మరిగిస్తే పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడును. త్రాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరు దారి లేని చోట 1.5 వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణం.

ఇప్పుడు మా ఇంటావిడ ప్రశ్నకు జవాబు. వారానికి తొట్టిలోనుండి తీసేది సుమారు 11 లీటర్లు. దాన్ని మోరీలో పోస్తే దుబారా. మేము దాన్ని కరివేపాకు చెట్టుకు, మల్లె తీగకు పోస్తున్నాము. వాటికి ఎట్లాగూ నీరు పోయవలసిందే. ఇప్పుడు అదే నీరు ముందు చేపలకు పనిచేసి, చేపల ఎరువుతో సహా చెట్టుకు పోవుచున్నది. నెల తిరిగేసరికి కరివేపాకు చిగుళ్ళు చూసి, ఆదివారం నీరు మార్చమని గుర్తు చేయుట ఆమె వంతయినది. ఒక్క జాగ్రత్త: తొట్టిలోని మొక్కలను, చేపలను చెరువులో గాని ఏటిలో గాని విడువరాదు. మన చెరువులను మింగుతున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుండి అందం కొరకు తెచ్చిన మొక్కే గదా.

దసరాకు అమ్మాయి వచ్చినది. సంచి క్రింద పెట్టకుండానే తొట్టి దగ్గరికి పోయినది. మూడింటిలో ఒకటి రాలిపోయినది. అది ముందే చెప్పాము. తక్కిన రెండింటికి చెరి రెండు క్రొత్త ఆకులు. దారం ఎక్కడా లేదు. మేము అది గమనించనే లేదు. అమ్మాయి నీటిలో చేయి పెట్టి, ఆకు కాడను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూసినది. రాలేదు. ఇంకొంచెం లాగినది. మొద్దే కదిలినది గాని మొక్క రాలేదు.

“పట్టుకుండాది నాయినా” అన్నది. ఇంకేమీ అనలేదు. మాకు అంతే చాలినది.

పండుగ నాలుగు రోజులలో మరొక పని జరిగినది. తడిసిన ఆ మొదటి చీటీని మేము పారవేయలేదు. ఎండబెట్టి ఈ పత్రిక పుటల మధ్య ఉంచాము. అది చూసి నవ్వి, అందులో తాను వ్రాసినదేమో చదివి చెప్పినది. ‘నాయినా, ఇది గెడ్డె చెట్టు. గెడ్డె మట్టిలో పూడ్చాకు. కట్టెకు కట్టు.’ తరువాత తానే కలం తీసి, అదే మాటలను తెలుగు అక్షరాలలో వ్రాసి చూపమన్నది. వ్రాసి చూపాము. ‘డ్డె’ దగ్గర రెండుసార్లు తప్పి, మూడవసారి సరిగా వ్రాసినది. ఆ కాగితాన్ని తొట్టి ప్రక్క గోడకు అంటించాము. దానికి మాత్రం జిగురే వాడాము.

ఇటువంటి తొట్లు పెంచుకొనే పాఠకులు తమ అనుభవం వ్రాసి పంపిన ఈ పుటలో సంతోషంగా చోటిస్తాము. చీటీ ఏ లిపిలో ఉన్నా సరే. తడవకుండ పంపవలెనని మాత్రమే మనవి.